కంచె ఇవతల యోనా

బస్తర్ సంస్థానానికీ బ్రిటిషువాళ్ల ఏజెన్సీకీ సరిహద్దుగా శబరి పారే చోట, కొంటాకు ఎగువన ఇప్పరేవు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో సంస్థానం వారి చిన్న దవాఖానా ఉండేది. పెంకుల కప్పు, పొడుగాటి వరండా, వెనక వంటపాక, చుట్టూ వెదురు దడి. దానికి సూపరింటెండెంటు గుండుమల్ల యోనా. అతను డాక్టరు కాడు. డాక్టరు నెలకోసారి గుర్రం మీద వచ్చి చూసి వెళ్లేవాడు. మిగిలిన రోజుల్లో మందులు, మంచాలు, బియ్యం, నౌకర్లు, తాళాలు అన్నీ యోనా చేతిలోనే ఉండేవి. జనం అతన్ని దవాఖానా దొర అనేవారు.

యోనా పుట్టింది నదికి బాగా దిగువన, పడవలు నడుపుకునే వాళ్లింట్లో. అతను పసివాడుగా ఉన్నప్పుడు వాళ్ల పేటలో కలరా వచ్చింది. పొద్దున అక్క పోయింది, పొద్దు వాలేసరికి తల్లి పోయింది. గుడిసెలో మిగిలిన పిల్లవాణ్ణి ఎత్తుకోడానికి ఎవరూ లోపలికి రాలేదు. చివరికి మిషన్ నుంచి వచ్చిన ఒకావిడ గుమ్మానికి దూరంగా నిలబడి, "నువ్వే బయటికి రా నాయనా" అని పిలిచింది. ఇద్దరి మధ్యనుంచి లేచి, వాళ్లను దాటుకుని, యోనా బయటికి నడిచాడు.

మిషన్‌లోనే చదువుకున్నాడు. కట్లు కట్టడం, మందులు కలపడం నేర్చుకున్నాడు. మీసాలు వచ్చేనాటికి నది దాటి బస్తర్‌లో కొలువుకు చేరాడు. డ్రెస్సరు, కాంపౌండరు, ఆపైన సూపరింటెండెంటు. మనిషి పనిమంతుడు. అతను వచ్చాకే ఇప్పరేవు దవాఖానాకు బావి తవ్వించారు, ఆడవాళ్లకు వేరే వార్డు కట్టించారు. దొర్లీ, గోండీ, హల్బీ, హిందీ అన్నీ మాట్లాడేవాడు. అడవిలోంచి కావడి మీద మోసుకొచ్చిన రోగిని, వాళ్ల దేవుడికి కోడిని కోసుకున్నాకే లోపలికి తెమ్మనేవాడు. అందుకే జనం జంకు లేకుండా వచ్చేవారు. జ్వరాలు, పుండ్లు, ఎలుగు చీల్చిన గాయాలు, దేనికీ వెనకాడేవాడు కాదు. ఒక్క కలరా తప్ప. ఆ సంగతి భార్య కరుణమ్మకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. తెలియవలసిన అవసరం చాలా ఏళ్లు రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, తొలకరికి, ఇప్పరేవు వారపు అంగడిలో కలరా పుట్టింది. చింతపండు, కరక్కాయలు అమ్ముకోడానికి చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చినవాళ్లు అంగట్లోనే కూలిపోయారు. డాక్టరుకు కబురు వెళ్లింది. అతను వచ్చేలోగా యోనా దవాఖానాకు దూరంగా నది ఒడ్డున ఒక పాక వేయించాడు. చుట్టూ ముళ్లకంచె కట్టించాడు. రోగులను అందులోకి చేర్పించాడు. సున్నం, మందు, గంజి, కట్టెలు, దేనికీ లోటు రానివ్వలేదు. కానీ కంచె దాటి ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టలేదు. ఫినాయిల్‌లో తడిపిన గుడ్డ ముక్కుకు కట్టుకుని ఇవతల నిలబడేవాడు. లోపల పనంతా ముసలయ్యది. ముసలయ్య దవాఖానాలో నీళ్లు మోసే మనిషి. పెళ్లాంబిడ్డలు లేరు. "నేను జూసుకుంట దొరా, మీరు దూరంగుండుండ్రి" అని అతనే అన్నాడు. యోనా ఆ మాటను పట్టుకుని దూరంగానే ఉండిపోయాడు.

డాక్టరు వచ్చి చూసి, తేరుకుంటున్నవాళ్లను అవతలి ఒడ్డున ఉన్న మిషన్ ఆసుపత్రికి పంపమన్నాడు. ఇక్కడే ఉంటే మళ్లీ పడతారన్నాడు. మర్నాడు పొద్దున్నే, నది ఇంకా పొంగకముందే, ముసలయ్య వాళ్లను కంబళ్లు కప్పి పడవెక్కించాడు. ఒడ్డు పైనుంచి యోనా చూశాడు. కంబళ్లే కనిపించాయి, ముఖాలు కనిపించలేదు. పడవలో ఎవరెవరు వెళ్లారో అతను అడగలేదు.

ఆ సాయంత్రమే వర్షంలో తడుస్తూ ఒక మనిషి కంచె దగ్గరికి వచ్చాడు. తునికిపాడు నుంచి వచ్చిన హడ్మా. యువకుడు. చేతిలో ఆకుదొన్నెలో ఏదో వండి తెచ్చాడు.

"నా పెండ్లాం గంగే ఈడనే ఉన్నదంట గదా దొరా. ఎట్లున్నది?"

యోనా పాక వైపు తిరిగి కేక వేశాడు. "ముసలయ్యా! తునికిపాడు గంగే ఎట్లున్నది?"

పాక కప్పు మీద వాన హోరు. దానిలోంచి ముసలయ్య గొంతు వినిపించింది. "పోయింది దొరా!"

ఇంకేదో కూడా అన్నాడు. అది వానలో కలిసిపోయింది. యోనా మళ్లీ అడగలేదు. లోపలికి వెళ్లి చూడలేదు. హడ్మా వైపు తిరిగి, "పోయిందిరా" అన్నాడు. హడ్మా ఉన్నచోటే బురదలో కూర్చున్నాడు. "యాడ పెట్టిండ్రు?" అని అడిగాడు. కంచె పక్కన ఆ మధ్యాహ్నమే పూడ్చిన మట్టిదిబ్బ ఒకటుంది. ఎవరో ఆడమనిషిది అని మాత్రం యోనాకు తెలుసు. దాన్ని వేలితో చూపించాడు. హడ్మా దొన్నెను దిబ్బ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ముసలయ్య కూడా కలరాతో పోయాడు. పాకను తగలబెట్టించారు. జబ్బు తగ్గింది. సంస్థానం రాజధాని జగదల్‌పూర్ నుంచి యోనాకు మెచ్చుకోలు వచ్చింది.

కోతలు అయిపోయి, చలి మొదలయ్యాక, ఒక పొద్దున గంగే తునికిపాడులో తన ఇంటి ముందు నిలబడింది.

మిషన్ ఆసుపత్రిలో కలరా తగ్గాక ఆమెకు మళ్లీ జ్వరాలు పట్టుకున్నాయి. నడిచే ఓపిక వచ్చేసరికి నది నిండుగా ఉంది. వరద తీసేదాకా ఆగి, పడవ దాటి, నడిచి వచ్చింది. వాకిట్లో అత్త వడ్లు దంచుతోంది. కోడల్ని చూసి రోకలి వదిలేసి కేక పెట్టింది. హడ్మా బయటికి వచ్చాడు. అతని వెనకే ఊరు కూడా వచ్చింది. ఎవరూ దగ్గరికి రాలేదు.

అప్పటికి తునికిపాడువాళ్లు గంగేకు చేయవలసినవన్నీ చేసేశారు. ఆవును కోశారు, ఊరి బయట ఆమె పేర రాయి నిలబెట్టారు. ఆమె జీవాన్ని పిలిచి, ఇంట్లో చనిపోయిన పెద్దలుండే కుండలోకి తెచ్చుకున్నారు. కొత్త పంట ఇంటికొచ్చినప్పటినుంచీ ఆ కుండ ముందు ఆమెకు మెతుకులు పెడుతున్నారు.

"మా గంగే ఇంట్లనే ఉన్నది" అన్నది అత్త, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "కుండల ఉన్నది. నువ్వెవరు?"

"నేనే అత్తా. చెయ్యి పట్టుకొని జూడు."

అత్త చేతులు వెనక్కి దాచుకుంది. గంగే భర్త వైపు చూసింది. హడ్మా ఆమె ముఖం వైపు చూడకుండా కాళ్ల వైపు చూశాడు. కాళ్లు నేల మీద ఆనుతున్నాయో లేదో చూస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ఊరి పూజారి వడ్డె వచ్చి, రాయి వేసిన మనిషిని మళ్లీ ఇంట్లోకి రానిస్తే కుండలో ఉన్నది కోపగించుకుని బిడ్డల్ని తీసుకుపోతుందని చెప్పాడు. గంగే వెనక్కి తిరిగి నడుస్తుంటే ఆమె వెళ్లిన దారిలో బూడిద చల్లారు.

ఆమెకు పుట్టిల్లు లేదు. తిన్నగా ఇప్పరేవుకు వచ్చి దవాఖానా వరండా మెట్ల మీద కూర్చుంది.

"ఎవరు నువ్వు? ఏం జబ్బు?" అని అడిగాడు యోనా.

"జబ్బేం లేదు దొరా. నేను సచ్చిపోయిన్నంట. నువ్వే జెప్పినవంట. ఏంది దొరా, ఎందుకట్ల జెప్పినవ్? నన్ను తునికిపాడు గంగే అంటరు."

పడవ, కంబళ్లు, వాన, ముసలయ్య కేక అన్నీ వరసగా యోనా కళ్ల ముందుకు వచ్చాయి. పడవ మీద వెళ్లిపోయిందని ముసలయ్య చెప్పాడు. ప్రాణం పోయిందని తాను విన్నాడు. మాట ఒకటే. అడుగు ముందుకు వేసి ఉంటే అర్థం తెలిసేది.

అతను ఆమెను వెంటబెట్టుకుని తునికిపాడు వెళ్లాడు. పొరపాటు తనదేనని, గంగే బతికే ఉందని ఊరి పెద్దలకు చెప్పాడు. వాళ్లు మర్యాదగానే విన్నారు. "అప్పుడు సచ్చిందన్నవ్, ఇప్పుడు బతికిందంటున్నవ్. రేపేమంటవ్ దొరా?" అన్నాడు పటేలు. యోనా గంగేతోనే వెనక్కి వచ్చాడు.

కరుణమ్మ ఆమెకు వంటపాకలో చోటిచ్చింది. గంగే వార్డు రోగులకు బియ్యం దంచేది, గంజి కాచేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. అంగటికి వచ్చే తునికిపాడు జనం ఆమె కనిపిస్తే దారి మార్చేవారు. కొందరు రోగులు ఆమె కాచిన గంజి తాగేవారు కాదు.

యోనాను పట్టుకున్నది మాత్రం గంగే కాదు, కంచె పక్కనున్న దిబ్బ. అందులో ఉన్నది గంగే కాకపోతే ఎవరు? వార్డులోకి వెళ్తున్నప్పుడు, మందులు కొలుస్తున్నప్పుడు, అన్నం ముందు కూర్చున్నప్పుడు అదే ప్రశ్న. ఆ వైపు కిటికీ మూయించాడు. మూసిన కిటికీ ఇంకా ఎక్కువ చూపిస్తున్నట్టు అనిపించి మళ్లీ తెరిపించాడు. వర్షం పడితే అతను పని ఆపి చెవి పెట్టేవాడు. ముసలయ్య ఆ సాయంత్రం ఇంకేదో అన్నాడు కదా, అది ఇప్పుడైనా వినిపిస్తుందేమో అన్నట్టు. గంగేను అడిగితే తెలిసేదేమో. కానీ అడగాలంటే తాను కంచె దాటలేదని ఒప్పుకోవాలి. రోజూ అడగాలనుకునేవాడు. రోజూ అడిగేవాడు కాదు.

ఈలోగా మాట పుట్టింది. దవాఖానా దొర ఒక పడుచు మీద కన్నేసి, ఆమె చచ్చిపోయిందని మొగుడికి అబద్ధం చెప్పి, నది అవతల దాచి, గొడవ సద్దుమణిగాక తెచ్చి పెట్టుకున్నాడని. అది అంగడి నుంచి ఠాణాకు, ఠాణా నుంచి జగదల్‌పూర్‌కు చేరింది. తునికిపాడు పటేలు వేలిముద్రతో ఫిర్యాదు వెళ్లింది. గంగే దయ్యమని నమ్మే ఊరే ఆ ఫిర్యాదు చేయడం యోనాకు వింతగా తోచింది. తర్వాత ఆలోచిస్తే అంత వింత అనిపించలేదు. జరిగినదానికి ఏదో ఒక కారణం ఉండాలి. కారణం లేకుండా బతికున్న మనిషిని చనిపోయినదాన్ని చేశారంటే వాళ్లకు మాత్రం ఎలా నిద్రపడుతుంది?

విచారణాధికారి ఏనుగు మీద వచ్చాడు. హిందీ మాట్లాడే పెద్దమనిషి. దవాఖానా వరండాలోనే బల్ల వేయించుకుని కూర్చున్నాడు. ఇక్కడి మాటలను హిందీలో తిప్పి చెప్పడానికి లచ్చు అనే చప్రాసీని పక్కన నిలబెట్టుకున్నాడు. ఉదయం నుంచి పటేలును, హడ్మాను, నౌకర్లను అడిగాడు. కరుణమ్మను కూడా అడిగాడు. ఆమె, "ఆ పిల్ల నా వంటపాకలో పడుకుంటుంది. నా మొగుడు నా ఇంట్లో పడుకుంటాడు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

యోనా వంతు వచ్చింది. గంగే చనిపోయిందని ఎలా తెలిసిందని అడిగాడు అధికారి.

"పాకలో పనిచేసే ముసలయ్య చెప్పాడండి" అన్నాడు యోనా.

"అతను ఏడీ?"

"చనిపోయాడు."

అంతా నిజమే. ఒక్క అబద్ధం లేదు. అధికారి తల ఊపాడు. చనిపోయిన నౌకరు పొరపాటుగా చెప్పాడని ఆయనకు తోచింది. యోనా ఆ తోచిన దాన్ని కాదనలేదు.

చివరికి గంగేను పిలిచారు. వరండా కింద జనం వెనక్కి జరిగారు.

"ఈ మనిషి నిన్ను చెరబట్టాడా? నిన్ను దాచాడా?" అని లచ్చు అడిగాడు.

గంగే యోనా వైపు చూసింది. ఆమె అతన్ని అంత నేరుగా చూడడం అదే మొదలు.

"నన్నెందుకు దాస్తడు? నా మొకమే తెల్వదు ఆయనకు. ఆ పాకల మేం పడి ఉన్నన్ని దినాలు ముసలితాత తప్ప ఒక్కరు రాలే. ఈ దొర మూతికి గుడ్డ గట్టుకొని కంచె కాడ నిలబడేటోడు. ఆడినుంచి కేకేసేటోడు. ఎవరు సచ్చిరో, ఎవరు బతికిరో ఆయనకేం ఎరుక? నా మీద ఆయన చెయ్యి పడలే. మందు తాపనీకి గూడ పడలే."

లచ్చు ఒక్క క్షణం తడబడి, అంతా హిందీలో చెప్పాడు. యోనా తల దించుకున్నాడు. తనను కాపాడుతున్న మాటే తనను ఎండలో నిలబెట్టి బట్టలు ఊడదీస్తోంది. అధికారి ఒక్కసారి కలం ఎత్తి, మళ్లీ దించాడు. చెరబట్టాడన్నది అభియోగం. అది నిలవలేదు. కంచె బయట నిలబడడం మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. జబ్బు అంటకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవడం తప్పు కూడా కాదు. ఆరోపణలు నిరాధారమని రాసి, భోజనం చేసి, ఆయన ఏనుగెక్కాడు.

జనం చెదిరిపోయాక యోనా వంటపాక దగ్గరికి వెళ్లాడు. గంగే బియ్యం చెరుగుతోంది. అతను గడప బయట ఆగాడు. తాను ఆగింది గమనించి, లోపలికి అడుగుపెట్టాడు.

"ఆ దిబ్బలో ఎవరున్నారు గంగే?"

ఆమె చేట ఆపింది. "ఇన్ని దినాలకు అడిగినవ్."

ఆమె చేటను కింద పెట్టింది.

"నా పక్కన ఒక పిల్ల ఉండె. వెదురుగట్టు పిల్ల. కోసే. నన్ను పడవెక్కించే పొద్దుకే దాని ఊపిరి పోయింది. ముసలితాత దాని మొకం మీద బట్ట కప్పుతుంటె జూసిన."

వెదురుగట్టు అడవిలో లోపలికి ఉంది. బండి దారి లేదు. యోనా, గంగే కలిసి నడిచారు. దారి పొడుగునా మాట్లాడుకోలేదు. కోసే తల్లి భీమే ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉంటోంది. అంగటికని వెళ్లిన కూతురు తిరిగి రాలేదు. అస్సాంలో రోడ్లు వేయడానికి కూలీలను తోలుకుపోయే మేస్త్రీలు ఆ రోజుల్లో అంగళ్లలో తిరిగేవారు. వాళ్లతో వెళ్లి ఉంటుందని ఊరంతా అంది. భీమే అదే నమ్మింది. తిరిగొచ్చిన ప్రతి కూలీనీ ఆపి, పొట్టిగా, ఎడమ బుగ్గ మీద పచ్చబొట్టు ఉన్న పిల్లను చూశావా అని అడిగేది.

యోనా నిలబడే చెప్పాడు. మీ కోసే అస్సాం వెళ్లలేదు, కలరా పాకలో పోయింది, ఇప్పరేవులోనే పూడ్చాం అన్నాడు. తన తప్పూ చెప్పాడు. భీమే తప్పు సంగతి వినలేదు.

"పొయ్యేటప్పుడు ఏమన్నది?" అని అడిగింది.

యోనాకు తెలియదు. ఎన్నో ఏళ్లుగా ఎందరో తల్లులు అతన్ని అదే అడిగారు. ప్రతిసారీ అతను జవాబు చెప్పగలిగాడు, ఎందుకంటే మంచం పక్కన ఉన్నాడు. ఇప్పుడు గంగే వైపు తిరిగాడు.

గంగే ముందుకు వచ్చి ముసలామె ఎదురుగా నేల మీద కూర్చుంది. "నీళ్లడిగింది. నా దొన్నెలవి పోసిన. అమ్మొచ్చిందా అని అడిగింది. వచ్చింది, నీ తలకాడనే కూసున్నది అని జెప్పిన. నా చెయ్యి పట్టుకున్నది. నీ చెయ్యే అనుకున్నది."

భీమే గంగే చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. తర్వాత గట్టిగా ఏడ్చింది. గంగే చేయి లాక్కోలేదు.

వెదురుగట్టువాళ్లు ఇప్పరేవుకు వచ్చి దిబ్బ మీది మట్టి తీసుకుపోయి, తమ ఊళ్లో కోసే పేర రాయి నిలబెట్టారు. గంగే వాళ్లతో వెళ్లింది, మళ్లీ రాలేదు. భీమే ఆమెను ఇంట్లో పెట్టుకుంది. మొదట్లో బిడ్డా అనేదట. కొన్నాళ్లకు కోసే అని పిలవడం మొదలుపెట్టింది. గంగే పలికింది. వాళ్ల ఊళ్లో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు.

కరుణమ్మ ఈ సంగతి విని సంతోషించింది. "దేవుడు దారి చూపించాడు" అంది. యోనా ఆ మాట పూర్తిగా వినకుండానే లేచి వెళ్లిపోయాడు. తునికిపాడులో గంగే పేర ఒక రాయి ఉంది. వెదురుగట్టులో ఉన్నది కోసే. మరి గంగే ఎక్కడ? ఆ సాయంత్రం వానలో తాను అన్న మాట అబద్ధమని ఇన్నాళ్లూ బాధపడ్డాడు. అది ఇప్పుడు మెల్లగా నిజమవుతోందని అతనికి అనిపించింది.

డాక్టరు వచ్చినప్పుడు తాను పాకలోకి వెళ్లలేదని, ఆ సంగతి పైవాళ్లకు చెప్పి తనను తీసేయమని అడిగాడు. డాక్టరు నవ్వేశాడు. "ఎవరూ అడగని దానికి నువ్వెందుకు జవాబు చెబుతావయ్యా?" అన్నాడు.

మరో రెండు వానాకాలాల తర్వాత మళ్లీ కలరా వచ్చింది. ఈసారి యోనా పాకలోనే మకాం పెట్టాడు. ఒక్కొక్కరి ముఖమూ చూసి, పేరు, ఊరు, తల్లి పేరు అడిగి, ఆ రోగి పక్కనే కూర్చునేవాడు. గుడ్డ కట్టుకోలేదు. జబ్బు అతన్ని తాకలేదు. కరుణమ్మ కంచె దగ్గర నిలబడి ప్రార్థన చేస్తుంటే, లోపలినుంచి అతనే "దూరం వెళ్లు" అని కేక వేసేవాడు. ఆ పనికి మళ్లీ మెచ్చుకోలు వచ్చింది. దాన్ని అతను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

సంస్థానం పోయి ప్రభుత్వం మారిన ఏడాది యోనా కొలువు మానేశాడు. భార్యాభర్తలు కొంటాకు మారారు. అక్కడ ఒక అంగడి రోజున, ఉప్పు అమ్మేవాళ్ల వరసలో, అతనికి ఆమె కనిపించింది. కాస్త ఒళ్లు చేసింది. పక్కన భీమే లేదు. చంకలో ఒక పసిపిల్ల ఉంది. ఆమే ముందుగా పలకరించింది.

"మంచిగున్నవా దొరా? ముసలిదైపోయింది మా అమ్మ, నడవలేదు."

యోనా తల ఊపాడు. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నదే అడిగాడు. "నిన్ను నేనేమని పిలవాలె?"

ఆమె పిల్లను ఇంకో చంకలోకి మార్చుకుంది.

"పిలవకు దొరా" అన్నది నెమ్మదిగా. "నీ నోట నా పేరొస్తే నాకు భయమైతది."

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. యోనా ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు బతికాడు. అంగటికి మాత్రం కరుణమ్మనే పంపేవాడు.